అరవని కాపలా మనకెందుకు?

ఇంట్లో కంప్యూటర్‌కి మంచి ఉచిత యాంటీవైరస్ ఏదండీ అని అడిగేవాళ్లకి నేను చెప్పే జవాబు ఒక్కరికీ నచ్చదు. విండోస్ 10 గానీ 11 గానీ వాడుతుంటే అది మీ దగ్గర ఇప్పటికే ఉంది, పేరు మైక్రోసాఫ్ట్ డిఫెండర్, 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచీ పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా లోపలే ఉంటోంది. డబ్బు అడగదు, ఈమెయిల్ అడగదు, అప్‌డేట్లు తనే తెచ్చుకుంటుంది. ఇంత విన్నాక అవతలివాళ్ల మొహం చిన్నబోతుంది. "అది సరేలెండి, అసలు యాంటీవైరస్ ఏదైనా చెప్పండి" అంటారు.

వాళ్లని తప్పుపట్టను. అడక్కుండా వచ్చి కూర్చున్నదాన్ని ఎలా నమ్మడం? పైగా అది అరవదు. ఎప్పుడైనా తెర మూలన చిన్న చీటీ ఒకటి తేలుతుంది, స్కాన్ చేశాం, ఏమీ దొరకలేదు అని. ఏమీ దొరకలేదట! కాపలావాడన్నాక రాత్రంతా ఈల వేయాలి, కర్రతో గేటు కొట్టాలి, తెల్లారి వచ్చి ఎంతమంది దొంగల్ని తరిమాడో చెప్పాలి, అప్పుడే కదా మనకి నిద్ర పట్టేది. కాబట్టి తగినంత గట్టిగా అరిచే ఉచిత యాంటీవైరస్‌ని ఎంచుకునే పద్ధతిని సమాజ శ్రేయస్సు కోరి ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా, పరీక్షా ఫలితాల జోలికి వెళ్లకండి. జర్మనీలో ఏవీ-టెస్ట్ అని, ఆస్ట్రియాలో ఏవీ-కంపారటివ్స్ అని రెండు సంస్థలు పనీపాటా లేకుండా ఏళ్లతరబడి యాంటీవైరస్‌లని పరీక్షించి ఫలితాలు ఉచితంగా బయటపెడుతున్నాయి. ఏవీ-టెస్ట్ వాళ్లు రక్షణకి 6, కంప్యూటర్‌ని నెమ్మది చేయనందుకు 6, వాడకంలో ఇబ్బంది పెట్టనందుకు 6 మార్కులు పెట్టుకున్నారు. ఆ మూడో దాంట్లో ఉంది అసలు అన్యాయం. ఏ పాపం ఎరగని ఫైల్‌ని చూసి దొంగా దొంగా అని అరిస్తే మార్కులు తగ్గిస్తారు! ఉత్సాహవంతుల్ని ప్రోత్సహించే తీరు ఇదేనా? ఇంకా ఘోరం, ఆ పట్టికల్లో మన అరవని డిఫెండర్ ఇప్పుడు పేరున్నవాటి సరసనే కూర్చుంటోంది. ఇలాంటివి చూస్తే ఎంపిక ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, సెలవు రోజంతా ఏం చేయాలో తెలియదు.

అరుపులో ఆదర్శం కావాలంటే 2010 ఏప్రిల్‌ని గుర్తు చేసుకోవాలి. అప్పుడు మెకాఫీ అనే యాంటీవైరస్ కంపెనీ ఇచ్చిన ఒక అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీలో ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైల్‌ని వైరస్ అని పట్టేసుకుంది. అది విండోస్ సొంత ఫైలు, అది లేకపోతే విండోస్ నడవదు. ఎన్నో ఆఫీసుల్లో కంప్యూటర్లు ఆగి, మొదలై, మళ్లీ ఆగి, అలా తిరుగుతూనే ఉన్నాయి. ఇంటి యజమానిని కూడా గేటు దగ్గర ఆపిన నిజాయితీ అది. (అది డబ్బు కట్టి కొనుక్కున్నవాళ్లకి దక్కిన సేవ అనుకోండి, ఉచితంలో అంత ఆశించకూడదు.)

తర్వాత కంపెనీ ఎంపిక. ఇక్కడ బాగా టైమ్ తీసుకోండి. అవాస్ట్ మంచిదా, ఏవీజీ మంచిదా, అవీరా మంచిదా, ఇవేవీ కాకుండా నార్టన్ కొనేద్దామా అని ఇంటిల్లిపాదీ కూర్చుని తర్జనభర్జన పడండి. అవాస్ట్ 2016లో ఏవీజీని కొనేసిందని, అవీరా నార్టన్ వాళ్ల చేతికి వెళ్లిందని, 2022లో నార్టన్, అవాస్ట్ కలిసిపోయి జెన్ డిజిటల్ అయ్యాయని, అంటే ఈ నాలుగు పేర్లూ ఇప్పుడు ఒకే గూటి పక్షులని ఎవరైనా చెప్పబోతే వినకండి. పోటీ చచ్చిపోతే చర్చలో మజా ఏముంటుంది?

డౌన్‌లోడ్ సంగతికొద్దాం. సెర్చ్‌లో అన్నిటికంటే పైన వచ్చేదాన్నే నొక్కాలి, దాని పక్కన ప్రకటన అని సన్నటి అక్షరాల్లో ఉంటే అది కళ్లజోడు ఉన్నవాళ్ల సమస్య. పేజీలో డౌన్‌లోడ్ అనే బటన్లు మూడు నాలుగు ఉంటాయి, అందులో పెద్దది, ఆకుపచ్చది, కొంచెం ఊగుతున్నది ఎంచుకోండి. తయారు చేసినవాళ్ల సొంత సైట్‌కి వెళ్లి తీసుకోవచ్చని కొందరు చాదస్తులు అంటారు, అక్కడ ఒక్కటే బటన్ ఉంటుంది, ఎంచుకునే స్వేచ్ఛ ఉండదు.

ఇన్‌స్టాల్ తెర దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి ఆ కళానైపుణ్యాన్ని గమనించాలి. "ఇన్‌స్టాల్" అనే బటన్ అరచేయంత ఉంటుంది. దాని కింద బూడిదరంగు నేల మీద అంతకంటే కాస్త ముదురు బూడిదలో ఒక గీత లాంటిది ఉంటుంది, మొహం దగ్గరపెట్టి చూస్తే "మార్పులు చేసుకోండి" అని తెలుస్తుంది. అది నొక్కినవాళ్లకే అసలు జాబితా కనబడుతుంది: కొత్త బ్రౌజర్, సెర్చ్ మార్చే ఎక్స్‌టెన్షన్, చెత్త ఊడ్చే టూల్, అన్నిటికీ ముందే టిక్కు పెట్టి ఉంటుంది. మనకి శ్రమ లేకుండా వాళ్లే టిక్కు పెట్టారు, తీయడం మర్యాద కాదు. మనం అడిగింది ఒకటి, వచ్చింది నాలుగు.

ఇక మొదటి స్కాన్. పచ్చటి చక్రం తిరుగుతూ తిరుగుతూ ఉంటే గుండె దడదడలాడుతుంది, చివరికి ఫలితం వస్తుంది. వైరస్‌లు సున్నా. సమస్యలు మాత్రం మూడంకెల్లో! ఏమిటయ్యా అంటే బ్రౌజర్ కుకీలు, తాత్కాలిక ఫైళ్లు, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో ఎవరికీ అడ్డం రాని పాత నమోదులు. వీటన్నిటికంటే పైన ఎర్ర అక్షరాల్లో "మీ ఐపీ అడ్రస్ బయటికి కనిపిస్తోంది" అని ఉంటుంది. నిజమే, కనిపిస్తోంది, కనిపించకపోతే మనం అడిగిన పేజీ ఎక్కడికి పంపాలో అవతలి సర్వర్‌కి ఎలా తెలుస్తుంది? కానీ ఆ సమయంలో ఇలాంటి ప్రశ్నలు రాకూడదు. కింద "అన్నీ పరిష్కరించు" అని ఉంటుంది, నొక్కితే డబ్బులు కట్టే పేజీ తెరుచుకుంటుంది, పక్కనే గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది, ఆఫర్ అయిపోతోందని. ఆ పేజీ మూసేస్తే రేపు ఇంకో ఆఫర్. మర్నాడు ఇంకోటి. ఇదీ అరుపంటే.

ఉచితంగా ఇస్తే వాళ్లకేం లాభం అని అనుమానించేవాళ్లూ ఉంటారు. వాళ్లు జంప్‌షాట్ కథ చెప్పుకుని భయపడుతుంటారు. అవాస్ట్ తన వాడకందారులు ఏయే సైట్లకి వెళ్తున్నారో పోగుచేసి, జంప్‌షాట్ అనే తన అనుబంధ కంపెనీ ద్వారా బయటివాళ్లకి అమ్మిందని పత్రికల్లో వచ్చింది, 2020 జనవరిలో ఆ కంపెనీని మూసేశారు, 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. మన మీద నిఘా పెట్టేవాళ్లని ఆపుతామని చెప్పి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ ఇది, కంచే చేను మేసింది అని గోల. నేనైతే ఇంకోలా చూస్తాను. మనం ఏం చూస్తున్నామో, ఎంతసేపు చూస్తున్నామో అంత శ్రద్ధగా పట్టించుకున్నవాళ్లు ఇంకెవరున్నారు చెప్పండి?

ఒకటి సరిపోదనిపిస్తే రెండోది కూడా వేయండి. రెండూ ప్రతి ఫైల్‌నీ తెరిచేటప్పుడే పట్టుకుని చూస్తాయి కాబట్టి ఒకటి చూస్తుంటే రెండోది ఆగాలి, ఒక్కోసారి ఒకదాన్ని చూసి ఇంకోటి అనుమానపడుతుంది, ఈ గొడవలో మీ ఫొటో తెరుచుకోవడానికి కాస్త ఆలస్యం కావచ్చు. డిఫెండర్‌కి ఈ పౌరుషం లేదు. మరో యాంటీవైరస్ వచ్చి నేనున్నానని విండోస్‌కి చెప్పుకుంటే అది తన నిరంతర కాపలా ఆపేసి తప్పుకుంటుంది, ఆ వచ్చినదాన్ని తీసేస్తే మళ్లీ వచ్చి నిలబడుతుంది. ఒక్క మాటా అనదు. ఇంత ఆత్మాభిమానం లేనిదాన్ని ఎవరు గౌరవిస్తారు!

విండోస్ అప్‌డేట్లని మాత్రం "తర్వాత" అంటూ నెట్టేయండి, యాంటీవైరస్ ఉందిగా. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఒక రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్ ఇచ్చింది. మే నెలలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ అదే రంధ్రంలోంచి దూరి దేశదేశాల్లో కంప్యూటర్లకి తాళం వేసి డబ్బులు అడిగింది. మధ్యలో ఉన్న రెండు నెలలూ చాలామంది తర్వాత, తర్వాత అంటూనే ఉన్నారు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, గడువు పొడిగించుకోనివాళ్లకి ఇప్పుడు ఆ తర్వాత అనే బటన్ నొక్కే శ్రమ కూడా తప్పింది. ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్ ఊడదీసి పక్కన పెట్టుకోవడం లాంటి పిరికిపనులు చేసేవాళ్ల గురించి మాట్లాడటం దండగ.

ఇన్ని జాగ్రత్తలతో కోట కట్టుకున్నాక, ఒకరోజు ఖరీదైన ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఊరికే దొరుకుతుంది, క్రాక్‌తో సహా, అంటే డబ్బు కట్టకుండానే దాని తాళం పగలగొట్టే ఫైల్‌తో. జిప్ ఫైల్ విప్పితే లోపల రీడ్‌మీ అని చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. లైసెన్సు ఒప్పందాలు చదవని మనిషి, అప్‌డేట్ నోట్సు చదవని మనిషి, ఈ ఒక్కదాన్ని మాత్రం మొదటి అక్షరం నుంచి చివరిదాకా వేలుపెట్టి చదువుతాడు. ఒకటో నంబర్: ముందుగా మీ యాంటీవైరస్ ఆఫ్ చేయండి. వెంటనే ఆఫ్ చేస్తాడు. అప్పటిదాకా అన్ని ఆఫర్లు అరిచిన యాంటీవైరస్ ఆ ఒక్కసారీ పనికొచ్చే మాట అరుస్తుంది, ఇది ప్రమాదం, నిజంగానే ఆపేయాలా అని. అవును అని నొక్కుతాడు. పని అయ్యాక మళ్లీ ఆన్ చేయాలని రీడ్‌మీలో రాసి ఉండదు కాబట్టి ఆన్ చేయడు.