గోల్ఫ్ కిట్ పంపేముందు కోచ్‌ను చూడండి

డల్లాస్ నుంచో అట్లాంటా నుంచో సెలవులకు తిరుపతి వచ్చేవాళ్లు మేనల్లుడికనో, రిటైరై ఇంట్లో ఉన్న నాన్నకనో గోల్ఫ్ బ్యాగు మోసుకొస్తారు. అందులోని ప్రేమను ఎవరూ తప్పుపట్టరు. అయితే ఆ ఖర్చులో సగం పెట్టి, నేర్చుకునేవాళ్ల ఎదుట నిలబడి చూసే కోచ్‌ను కుదిర్చిపెడితే ఆట వస్తుంది. బ్యాగు మాత్రమే ఇచ్చి విమానం ఎక్కితే అది కొన్నాళ్లకు మిద్దె మెట్ల కిందకు చేరుతుంది. మధ్యలో మిగిలేది ఫోన్లో చూసిన రీల్స్, పక్కన నిలబడిన ప్రతివాళ్లూ చెప్పే సలహాలు.

సలహాలతో ఈ ఆట ఎందుకు రాదో చూడండి. పైకి లేపిన క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) కిందికి దిగి బంతిని తాకడానికి పట్టేది సుమారు పావు సెకను. బంతి క్లబ్బు ముఖానికి (తలలో బంతిని తాకే చదునైన వైపు) అంటుకుని ఉండేది సెకనులో రెండువేలవ వంతు. దేన్నైనా చూసి స్పందించడానికే మనిషికి దాదాపు సెకనులో ఐదో వంతు కావాలి. అంటే దిగుతున్న క్లబ్బును దారిలో సరిదిద్దుకునే వ్యవధి లేదు. తల ఎత్తకు, మోచెయ్యి మడవకు, నడుము తిప్పు అని మూడు మాటలు చెవిలో వేస్తే ఆ పావు సెకనులో ఒంటికి అందేది బిగుసుకుపోవడమొక్కటే.

చేయగలిగిన పని ఒకటుంది. దెబ్బ పడ్డాక ఏం జరిగిందో ఉన్నదున్నట్టు గుర్తించడం. సంగీతం నేర్పే గురువు శిష్యుడికి ముందు శ్రుతి తప్పడం వినిపించేలా చేస్తాడు. తప్పింది తన చెవికే తెలిశాక గొంతు దానంతట అది సర్దుకోవడం మొదలవుతుంది. గోల్ఫ్‌లో ఆ చెవి స్థానంలో ఉండేది అరచేతులు, పాదాలు. తీర్పు చెప్పకుండా గమనించడం గురించి జీవితమంతా మాట్లాడిన జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మన మదనపల్లెలోనే. యువకుడిగా ఇంగ్లండ్‌లో ఉన్న రోజుల్లో ఆయన గోల్ఫ్ బాగా ఆడేవారు కూడా. "చెత్త షాట్" అనుకోవడం తీర్పు. "బంతి క్లబ్బు మడమ వైపు తగిలింది" అనుకోవడం గమనింపు (మడమ అంటే క్లబ్బు తలకు కర్ర కలిసే చివర). రెండోదానితోనే కోచ్‌కు పని.

తిరుపతిలో ఉన్నవాళ్లు 18 హోల్స్, అంటే 18 గుంతలున్న పూర్తి కోర్సు, ఆడాలంటే చెన్నై దారో బెంగళూరు దారో పట్టాలి. కానీ మొదటి ఆరు నెలల పనికి కోర్సు అక్కర్లేదు. చంద్రగిరి వైపో రేణిగుంట వైపో సొంత స్థలంలో పది అడుగుల ఎర్రమట్టి నేల ఉంటే చాలు. రాళ్లు ఏరేసి, ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి ఉంచండి. ఎండకు గట్టిపడిన నేలను కొడితే మణికట్టు దెబ్బతింటుంది. పొద్దున్నే ముగ్గుపిండితో ఒక మూర గీత గీయండి. ఆ గీత రెండు పాదాల మధ్యకు వచ్చేలా నిలబడండి. బంతి వద్దు. 9 ఐరన్‌తో (ముఖం బాగా వెనక్కి వాలి ఉండే క్లబ్బు) సగం స్వింగ్ చేసి, కిందికి చూడకముందే క్లబ్బు నేలను ఎక్కడ తాకిందో పైకి చెప్పండి: గీత మీదా, వెనకా, ముందా? తర్వాత చూడండి. కుడిచేతి ఆటగాడికి గురి ఎడమవైపు కాబట్టి, గీత మీదో దానికి కాస్త ఎడమగానో మట్టి లేవాలి. నాలుగు అంగుళాలు వెనక లేస్తే, బంతి ఉన్నప్పుడు అది ఫ్యాట్ షాట్ అవుతుంది; బంతి కంటే ముందు నేలే తగిలి దూరం సగానికి పడిపోతుంది. కారణం చాలావరకు ఒకటే. బంతిని తానే పైకి ఎత్తాలనుకుని ఆటగాడు బరువును కుడికాలి మీదే ఉంచేస్తాడు. ఎత్తే పనికి 9 ఐరన్ ముఖంలో ఉన్న సుమారు 40 డిగ్రీల వంపు సరిపోతుంది.

మొదట్లో నోటి మాటకూ మట్టి మీది గుర్తుకూ పొంతన ఉండదు. అదేమీ సిగ్గుపడాల్సిన సంగతి కాదు, పాఠం అక్కడే ఉంది. ఎక్కడ తాకిందో చూడకుండానే సరిగ్గా చెప్పగలిగే రోజుకు, ఎవరూ దిద్దకుండానే ఆ గుర్తు గీత దగ్గరికి జరిగి ఉంటుంది. రబ్బరు మ్యాట్ మీద ఈ పని కాదు. మూడంగుళాలు వెనక తగిలినా క్లబ్బు మ్యాట్ మీద జారి బంతిని చక్కగానే లేపుతుంది, ఆటగాడు బాగా కొట్టాననుకుంటాడు. మ్యాట్లు పరిచి బంతులు కొట్టించే ఖరీదైన ప్రాక్టీసు రేంజి కంటే మన మట్టే నిజం చెబుతుంది.

పట్టు బిగువుదీ ఇదే పద్ధతి. వదులుగా పట్టుకుంటే 1, ఉన్న బలమంతా పెడితే 10. మొదలుపెట్టేటప్పుడు ఎంత, క్లబ్బు పైన ఉన్నప్పుడు ఎంత, బంతిని తాకేటప్పుడు ఎంత అని ప్రతి షాట్ తర్వాత మూడు అంకెలు చెప్పాలి. మొదట 4 ఉండి, క్లబ్బు దిగడం మొదలవగానే 8కి ఎగబాకడం చాలామందిలో కనిపిస్తుంది. తగ్గించాలని ప్రయత్నించకండి, అంకె మాత్రం చెప్పండి. ఆ ఎగుడుదిగుడు మెల్లగా దానంతటదే తగ్గుతుంది. పటింగ్ (బంతిని నేల మీద గుంతలోకి దొర్లించడం) అయితే ఇంట్లోనే చేయొచ్చు. గ్రానైట్ గచ్చు మీద బంతి ఆగదు, మూడు మీటర్ల కార్పెట్ పరవండి. కళ్లు మూసుకుని కొట్టి, తక్కువా ఎక్కువా, కుడా ఎడమా అని చెప్పాకే కళ్లు తెరవండి.

అలాగని అన్నీ ఆటగాడే కనుక్కోవాలన్న వాదాన్ని మేం ఒప్పుకోం. క్లబ్బును ఎలా పట్టుకోవాలి, పాదాల మధ్య బంతి ఎక్కడుండాలి, భుజాలు ఎటు చూడాలి అన్నవి కోచ్ మొదటిరోజే చేత్తో పట్టి చూపించాలి. పట్టు తప్పితే చాలాసార్లు క్లబ్బు ముఖం తెరుచుకునే (గురికి కుడిగా తిరిగి) వస్తుంది, ఎంత గమనించుకున్నా అది మూసుకోదు. బంతి ఎటు బయలుదేరుతుందో ఎక్కువగా నిర్ణయించేది క్లబ్బు ముఖం. గాలిలో ఎటు వంగుతుందో తేల్చేది ఆ ముఖానికీ క్లబ్బు నడిచిన దారికీ మధ్య తేడా. ఈ రెండు సంగతులు తెలియకనే, బంతి కుడికి వంగిపోతున్నవాళ్లు ఇంకా ఎడమకు తిరిగి నిలబడతారు. క్లబ్బు దారి ఇంకా ఎడమకు పోతుంది, ముఖానికీ దారికీ తేడా పెరుగుతుంది, బంతి మరింత వంగుతుంది. రీల్ చూసి దిద్దుకున్నవాళ్లు ఈ గుంటలోనే పడతారు. ఆ రీల్‌లో చెప్పింది మరొకరి తప్పుకు మందు.

మంచి కోచ్‌ను పోల్చుకోవడం కష్టమేమీ కాదు. 45 నిమిషాల పాఠంలో మొదటి పది నిమిషాలు ఏమీ దిద్దడు. ఎక్కడికి కొట్టాలనుకున్నావు, ఎక్కడికి పోయింది, చేతులకు ఏం తెలిసింది అని అడుగుతాడు. తర్వాత ఒకే ఒక్క మార్పు చెబుతాడు, అది నిలబడేదాకా రెండోది చెప్పడు. ఆ ఒక్కటీ వీలైనంతవరకు మోచెయ్యి గురించి కాకుండా క్లబ్బు గురించి చెబుతాడు. ఒంటి కదలికలు నేర్చుకునే తీరుపై పరిశోధించే గాబ్రియేలే వుల్ఫ్ బృందం 1999లో కొత్తవాళ్లతో పిచ్ షాట్లు (దగ్గరి గురికి ఎత్తుగా కొట్టేవి) కొట్టించినప్పుడు, చేతుల కదలికపై మనసు పెట్టినవాళ్ల కంటే క్లబ్బు కదలికపై మనసు పెట్టినవాళ్ల బంతులు గురికి దగ్గరగా పడ్డాయి. మొదటి పాఠంలోనే ఐదు తప్పులు చెప్పి, రోజుకు 200 బంతులు కొట్టమనేవాళ్ల దగ్గర పిల్లల్ని ఉంచకండి. 40 బంతులు చాలు. సగం ఒకే గురికి, మిగతా సగం ప్రతిసారీ క్లబ్బూ గురీ మారుస్తూ కొట్టాలి. అంతకు మించితే చేతులు పొక్కుతాయి, అలసిన ఒళ్లు తప్పుడు దారినే అలవాటు చేసుకుంటుంది.

ఇక కిట్ సంగతి. నిబంధనల ప్రకారం 14 క్లబ్బుల దాకా ఉండొచ్చు, మొదటి ఏడాదికి ఐదు సరిపోతాయి: బంతిని దొర్లించే పటర్, దగ్గరికి ఎత్తుగా కొట్టే పిచింగ్ వెడ్జ్, 9 ఐరన్, 7 ఐరన్, దూరానికి ఒక హైబ్రిడ్. మీ పాత క్లబ్బులను కోయించి పిల్లలకు ఇవ్వకండి. పొడవు తగ్గినా తల బరువు తగ్గదు, కర్ర వంగే గుణం తగ్గి ఇంకా బిరుసవుతుంది. మోయలేక పిల్లవాడు నడుము వెనక్కి వంచి కొడతాడు, ఆ వంపు పెద్దయ్యాకా వదలదు. అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు, డ్రైవర్, తర్వాత కొనొచ్చు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ దూరం కొట్టేవాళ్లలో లేదు, ఆమెను అంతదాకా తెచ్చింది పటింగ్. మిద్దె మీద వల కట్టి కొట్టేటట్టయితే చిల్లుల ప్లాస్టిక్ బంతులే వాడాలి. 45 గ్రాముల అసలు బంతి వల దాటిందంటే పక్కింటి మిద్దె మీద వడియాలు పెట్టుకుంటున్నవాళ్ల తల పగులుతుంది. జనం నడిచే యూనివర్సిటీ మైదానంలో అసలు బంతి తీయనే కూడదు.

నెలకోసారి చెన్నైలోనో బెంగళూరులోనో ముఖాముఖి పాఠం, మధ్య వారాల్లో అదే కోచ్‌కు వీడియో అన్నది మన ఊరివాళ్లకు కుదిరే ఏర్పాటు. అమెరికాలో ఉన్న మీరు ఆ పాఠాల ఫీజు కట్టండి, వీడియో చూసి మీరు కూడా దిద్దకండి. ఇద్దరు చెబితే పిల్లవాడు ఎవరి మాటా వినలేడు. ఫోన్‌ను స్లో మోషన్‌లో పెట్టి, స్టాండు మీద చేతుల ఎత్తున, చేతుల వరుసలో, గురి వైపు చూసేలా వెనక నిలపాలి. అది కాస్త పక్కకు జరిగినా, బాగున్న క్లబ్బు దారి కూడా వంకరగా కనిపిస్తుంది. మంచి షాట్ ఒక్కటి ఏరి పంపకుండా వరసగా కొట్టిన మూడూ పంపాలి. ప్రతిదాని చివరా, వీడియో చూసుకోకముందే, బంతి క్లబ్బుకు ఎక్కడ తగిలిందో, పట్టు బిగువు అంకె ఎంతో పిల్లవాడి గొంతులోనే రికార్డయి ఉండాలి.