టీకా దాతను లెక్క అడిగేదెవరు?

బిల్ గేట్స్ టీకాల్లో మైక్రోచిప్‌లు పెట్టిస్తున్నారన్న పుకారును కొట్టిపారేయడానికి అర నిమిషం చాలు. అసలు ఆ పుకారుతో ఎక్కువ లాభపడింది గేట్సే అనిపిస్తుంది నాకు. చిప్‌ల గోల మొదలయ్యాక ఆయన ఫౌండేషన్‌ గురించి ఎవరు ఏమడిగినా వాళ్లూ పిచ్చివాళ్ల జమలోకే పోతున్నారు.

అడగాల్సినవి చాలానే ఉన్నాయి. పేద దేశాలకు టీకాలు అందించే గావి 2000లో మొదలైందే గేట్స్ ఫౌండేషన్ ప్రకటించిన 75 కోట్ల డాలర్ల అండతో. దాని బోర్డులో శాశ్వత స్థానాలు నాలుగే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు, గేట్స్ ఫౌండేషన్. మొదటి మూడింటి వెనక ప్రభుత్వాలున్నాయి, నాలుగోదాని వెనక ఉన్నది ప్రైవేటు సొమ్ము. ఆరోగ్య మంత్రి నచ్చకపోతే ఓటేసి దించొచ్చు, దాతను దించేదెలా?

ఫలితాలు చూడండి అంటారు సమర్థకులు. నిజమే, గావి సాయంతో వంద కోట్ల మందికి పైగా పిల్లలకు టీకాలు అందాయి. సహజ పోలియో వైరస్ ఇప్పుడు పాకిస్థాన్, అఫ్గానిస్థాన్‌లలోనే పాతుకుని ఉంది. కాదనను. మేలు చేశాడు కాబట్టి నోరెత్తొద్దంటేనే ఒళ్లు మండుతుంది.

అనుమానం ఊరికే పుట్టదు. 2003లో నైజీరియాలోని కానోలో పోలియో చుక్కలు పిల్లలు పుట్టకుండా చేస్తాయని ప్రచారం జరిగి, నెలల తరబడి టీకాలు ఆగిపోయాయి. వైరస్ పక్క దేశాలకు పాకింది. ఆ ప్రచారం శుద్ధ అబద్ధం. కానీ అదే కానోలో 1996లో మెనింజైటిస్ ప్రబలినప్పుడు ఫైజర్ కొత్త మందును పిల్లలపై పరీక్షించింది. సరైన అనుమతి తీసుకోలేదని కేసులు పడితే, 2009లో 7.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. ఆ తల్లిదండ్రులు ఎవరిని నమ్మాలి?

ఖమ్మం జిల్లా సంగతీ అంతే. 2009లో గేట్స్ ఫౌండేషన్ నిధులతో పాథ్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ అక్కడి బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాలు వేయించింది. కొందరు బాలికలు చనిపోవడంతో 2010లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ అంది. సరే. మరి అనుమతి పత్రాల మాటేమిటి? తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన చోట రెండు వేలకు పైగా ఫారాలపై హాస్టల్ వార్డెన్లు పెట్టేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం పాథ్‌తో పాటు ఆ ప్రాజెక్టులో భాగస్వామి అయిన మన ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌నూ తలంటింది.

నాకు అసలు కోపం ఇక్కడే. నిలదీయాల్సిన ప్రభుత్వమే దాత పక్కన భాగస్వామిగా కూర్చుంది. ప్రపంచ స్థాయిలోనూ ఇదే తంతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బడ్జెట్‌లో సభ్య దేశాల తప్పనిసరి చందా చాలా ఏళ్ల పాటు ఐదో వంతు కూడా లేదు. మిగతాది విరాళాలు, అందులోనూ ఎక్కువ భాగం ఫలానా పనికే వాడాలన్న షరతుతో వచ్చేవే. కర్ర ఉన్నవాడిదే బర్రె. గేట్స్ ఆ కర్ర లాక్కోలేదు, దేశాలే చందా ఎగ్గొట్టే తెలివితో చేతికిచ్చాయి.

2030-31 కల్లా ఆ సంస్థ ప్రాథమిక బడ్జెట్‌లో సగం చందాలతో తామే భరిస్తామని 2022లో సభ్య దేశాలు ఒప్పుకున్నాయి. ఆ తర్వాత అమెరికా ఏకంగా తప్పుకుంటానంది. ఇక గేట్స్ 2045తో ఫౌండేషన్ మూసేస్తానని 2025లో ప్రకటించారు. టీకాల కోసం ఆ డబ్బుపై ఆధారపడ్డ దేశాల్లో ఒక్కదాన్నీ అడిగి పెట్టిన గడువు కాదది.