చెత్త కాటా లెక్కలు బయటపెట్టండి

వాన పడితే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల జనం కిటికీలు మూసుకుంటారు. తడిసిన చెత్త కంపు దమ్మాయిగూడ, కాప్రా దాటి ఈసీఐఎల్ దాకా కొడుతుంది. అన్నం ముందు కూర్చుంటే ఈగలు, బోరు వేస్తే రంగు మారిన నీళ్లు. హైదరాబాద్ చెత్త రోజూ వేల టన్నుల చొప్పున వచ్చిపడే ఆ 339 ఎకరాల గురించి ఈ ఫిర్యాదులు ఏళ్లుగా వింటున్నవే. ఇంతకాలం అక్కడ పోసిన డబ్బు ఏమైందని అడిగేవాళ్లే తక్కువ.

2009లో జీహెచ్ఎంసీ నగర చెత్త నిర్వహణను పాతికేళ్ల ఒప్పందంతో ప్రైవేటు సంస్థకు అప్పగించింది. చెల్లింపు టన్నుల లెక్కన. కాటా మీద బండి ఎంత తూగితే అంత బిల్లు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. తడి చెత్తను కాలనీలోనే ఎరువు చేస్తే బరువు తగ్గుతుంది, బిల్లూ తగ్గుతుంది. మరి చెత్త తగ్గించాలన్న తొందర ఎవరికి ఉంటుంది? తడి, పొడి చెత్త వేరుచేయమని పదేళ్ల కిందట ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు దాదాపు 44 లక్షలు పంచారు. ఇవాళ వాటిలో చాలావాటిలో నీళ్లో, బియ్యమో ఉంటున్నాయి. ఓపిక చేసుకుని వేరుచేసి ఇచ్చినవాళ్ల చెత్త కూడా ఎక్కువ చోట్ల స్వచ్ఛ ఆటోలో మళ్లీ ఒక్కటైపోతోంది.

డబ్బు ఒక్క దారిలోనే పోవడం లేదు. ఆటో వాళ్లకు ఇంటింటా నెలనెలా ఇచ్చేది ఒకటి. ఆస్తిపన్నులోంచి టన్నుల బిల్లుకు పోయేది మరొకటి. చెత్తతో తయారైన కరెంటును డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) కొంటాయి కాబట్టి ఆ ఖర్చూ చివరికి జనం మీదే పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో చెత్త పన్ను మీద ఎంత గొడవ జరిగిందో తెలిసిందే, చివరికి ఎత్తేశారు. ఇక్కడ ఆ పేరుతో బిల్లు రాదు కాబట్టి ఎవరికీ పట్టలేదు.

యార్డులో ఏళ్లుగా పేరుకున్న సుమారు 120 లక్షల టన్నుల చెత్తను మట్టి, ప్లాస్టిక్ పొరలతో కప్పారు. దీనికి రూ.140 కోట్లకు పైగా అయింది. పైన గడ్డి మొలిచింది, ఫొటోలో పచ్చటి గుట్టలాగే కనిపిస్తుంది. కింద ఉన్న చెత్త మాత్రం ఎక్కడికీ పోలేదు. దాంట్లోంచి ఊరే నల్లటి నీరు మల్కారం చెరువును పాడుచేస్తే, శుద్ధి కోసం మరో రూ.250 కోట్ల ప్రాజెక్టు వచ్చింది. 2023 ఏప్రిల్‌లో దాన్ని ఆర్భాటంగా ప్రారంభించారు. అంతకు కొద్ది నెలల ముందే, 2022 అక్టోబర్‌లో, చెత్త, మురుగునీటి నిర్వహణలో లోపాలకు జాతీయ హరిత ట్రిబ్యునల్ తెలంగాణపై దాదాపు రూ.3,800 కోట్ల పరిహారం విధించింది. ముందే చేయాల్సిన పని చేయకపోతే ఎంత ఖర్చవుతుందో ఈ అంకెలే చెబుతున్నాయి.

యార్డు వచ్చాక ఇళ్లు కట్టుకున్నది మీరే కదా అని కొందరు అధికారులు అంటుంటారు. కరెంటు మీటర్లు ఇచ్చిందెవరు? ఇంటి పన్ను వసూలు చేస్తున్నదెవరు?

ఇప్పుడు ఈ కథ సంగారెడ్డి జిల్లా ప్యారానగర్‌కు చేరింది. 2025 ఫిబ్రవరిలో అక్కడ పోలీసు బందోబస్తు మధ్య కొత్త చెత్త యార్డు పనులు మొదలుపెడితే నల్లవల్లి, చుట్టుపక్కల ఊళ్ల జనం రోడ్డెక్కారు. చెరువులు పాడవుతాయన్నది వాళ్ల భయం. అప్పుడు అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం ల్యాండ్‌ఫిల్ (చెత్త పూడ్చే స్థలం) చెరువుకు 200 మీటర్లు, వైమానిక స్థావరానికి 20 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ దగ్గర్లో ఉన్నప్పుడు ఆ దూరం కొలిచి చూపించమని ఊళ్లవాళ్లు అడగడంలో తప్పేముంది? ‘ఇది ఆధునిక ప్లాంటు, వాసన రాదు’ అని సర్దిచెబితే జవహర్‌నగర్‌ను ఒక్కసారి చూసొచ్చినవాడు నమ్మడు.

కాటా తూకాలు, నెలవారీ బిల్లులు, ఒప్పందం పూర్తి పాఠం జీహెచ్ఎంసీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. మల్కారం చెరువు నీటినీ, చుట్టూ ఉన్న బోర్లనూ స్థానికుల ముందు పరీక్షించి ఫలితాలు తెలుగులో అతికించాలి. టన్నుకు ఇచ్చే సొమ్ములో కొంతైనా చెత్త తగ్గించిన డివిజన్‌కు దక్కేలా ఒప్పందాన్ని సవరించాలి. ఇవి జరిగేదాకా ప్యారానగర్ పనులు ఆపాలి.