అంతరిక్షంలో చల్లగాలి

మన వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీలు అంతరిక్ష విజ్ఞానంలో ఎంత ముందుకు పోయాయో ఇస్రోకు ఇంకా తెలిసినట్టు లేదు. భూమికి 500 కిలోమీటర్ల ఎత్తున, వేడిని మోసుకుపోయేంత గాలి లేని చోట, మనవాళ్ల ఉపగ్రహానికి చల్లగాలి తగులుతోంది. ఫైనలియర్ ప్రాజెక్టు రివ్యూలో కళ్లారా చూశాను. పది సెంటీమీటర్ల క్యూబ్‌శాట్ అనే బుల్లి ఉపగ్రహం, చుట్టూ కన్వెక్షన్ (అంటే గాలి వేడిని మోసుకుపోవడం), హాయిగా 22 డిగ్రీలు. మే నెలలో హన్మకొండలో మనుషులకే దిక్కులేని వాతావరణం!

ఆ 22 ఎక్కడిదంటారా? వేడి లెక్కలు కట్టి తెరమీద రంగుల్లో చూపించే సాఫ్ట్‌వేర్ ఆన్సిస్, మనం ఏమీ చెప్పకపోతే పరిసరాల ఉష్ణోగ్రతను అంతే అనుకుంటుంది. మనవాళ్లు ఏమీ చెప్పలేదు. యూట్యూబ్‌లో పాఠం చెప్పే ఆయన ఎక్కడ నొక్కితే వీళ్లూ అక్కడ నొక్కారు. ఆయన చూపించింది కంప్యూటర్ ప్రాసెసర్ మీది హీట్ సింక్, అంటే దాని వేడిని లాగేసే లోహపు ముక్క. దానికి ఫ్యాను ఉంటుంది మరి.

ఎగ్జామినర్ గారు సమోసా పక్కన పెట్టి తెర వంక చూశారు.

"కలర్లు బాగొచ్చాయి. ఈ ఎరుపేంటి?"

"అక్కడ వేడెక్కువ సార్."

"మంచిదేనా?"

"కాదు సార్."

"అయితే తగ్గించండి."

తగ్గించారు. పక్కనున్న రంగుల స్కేల్లో గరిష్ఠాన్ని పెంచేసరికి ఎరుపంతా పోయి పచ్చబడింది. నాసా వాళ్లు రేడియేటర్లు, పూతలు, దుప్పట్లు అంటూ తంటాలు పడే పనిని మనవాళ్లు సమోసా చల్లారేలోపు ముగించారు. 1999లో నాసా అంగారకుడికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది కూడా ఒకరు పౌండ్లలో ఇచ్చిన లెక్కను ఇంకొకరు న్యూటన్లనుకోవడం వల్లే. ఆ ప్రమాదం మనకు లేదు. రిపోర్టులో యూనిట్లే రాయలేదు.

అదే బ్యాచ్‌లో ఒకమ్మాయి మెల్లగా అంది: "సార్, అక్కడ గాలుండదు కదా, వేడి రేడియేషన్‌తోనే, అంటే కిరణాలుగానే పోవాలి కదా?"

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, నయీంనగర్‌లో బైండింగ్ కూడా అయిపోయింది" అన్నారు గైడ్ గారు.

ఏం చదువు చెబుతున్నారయ్యా మీరు? ఆ పిల్ల అడిగింది నోట్‌బుక్‌లో అర పేజీ లెక్క. ఎండ చదరపు మీటరుకు దాదాపు 1,361 వాట్లు. భూమి నీడలోకి పోతే అదీ ఉండదు. గంటన్నరకోసారి ఎండా చీకటీ మారుతుంటే లోపలి బ్యాటరీ బతుకుతుందా చస్తుందా? అసలు ప్రాజెక్టంటే అదే కదా! భూపాలపల్లి నుంచి వచ్చి, ఉచితంగా దొరికే ఆన్సిస్ స్టూడెంట్ వెర్షన్‌ను పాత లాప్‌టాప్‌లో ఎక్కించుకుని, రాత్రుళ్లు కూర్చుని నేర్చుకున్న పిల్ల నోరు మూయించడానికి మీకు మనసెలా ఒప్పింది? లైసెన్సున్న కంప్యూటర్ల గదికేమో తాళం. తనిఖీ వాళ్లొచ్చిన రోజే తీస్తారు. ఫీజు మాత్రం ఏటా ముక్కుపిండి వసూలు చేస్తారు. సిగ్గుండాలి.

ప్రాజెక్టుకు మంచి మార్కులే వేశారు. అదే ఫైలు పెన్‌డ్రైవ్‌లో జూనియర్లకు చేరింది. పైన ఉపగ్రహం అన్నచోట చంద్రుడి మీద రోవర్ అని మారుస్తారట. గైడ్ గారు అప్పుడే ఓకే చేశారు.