పిల్లలకి నీళ్ళు పోసిన చేతులకీ స్టేజీ మీద చోటివ్వండి

డిసెంబరులో విశాఖలో మన అమెరికా తెలుగు సంఘం జరిపిన సేవా కార్యక్రమాలకి వచ్చినవాళ్ళకి ఆ వెల్‌నెస్ స్టాలు గుర్తుండే ఉంటుంది. బీచ్ రోడ్డు హోటల్లో, కూచిపూడి అయ్యాక, సన్మానాలకి ముందు. ‘మసాజ్ చరిత్ర’ అని గోడంత బ్యానర్ కట్టారు. అది స్వీడన్‌తో మొదలై స్పా బొమ్మతో ముగిసింది. మధ్యలో మన ఊసే లేదు.

అంతకంటే ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటుంది. మహారాణిపేటలో ఎన్నో ఏళ్ళుగా పసిపిల్లలకి నూనె రాసి నీళ్ళు పోస్తున్న పెద్దావిణ్ణి నేనే బతిమాలి తీసుకొచ్చాను. పది నిమిషాలు బొమ్మ మీద చేసి చూపించాలని ముందే అనుకున్నాం. తీరా ఆవిడ వచ్చి కూచున్నాక, “లైవ్ వెళ్తోంది మేడమ్, స్టేజీ మీద ఆ నూనె, ఆ పీట బాగోవు” అని ఐటమ్ తీసేశారు. “పోన్లెండమ్మా, పెద్దోల్ల మీటింగు” అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు.

స్వీడన్‌కి దక్కాల్సిన గౌరవం దక్కాల్సిందే. పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాసంస్థ పెట్టి, శరీరాన్ని కదిలించి నయం చేసే పద్ధతికి ఒక క్రమం తెచ్చాడు. ఇవాళ స్వీడిష్ మసాజ్ అని స్పాల్లో చేసే నిమరడం, పిసకడం వంటివాటిని వరసగా అమర్చింది మాత్రం ఆమ్‌స్టర్‌డాం వైద్యుడు యోహాన్ మెజ్గర్ అంటారు. వాళ్ళకి ఎన్నో శతాబ్దాల ముందే గ్రీసులో హిప్పోక్రటీస్, వైద్యుడన్నవాడికి మర్దనలో అనుభవం ఉండి తీరాలన్నాడు. బండి ఇరుసుకి నూనె ఎలాగో ఒంటికి అభ్యంగం, అంటే నూనె మర్దన, అలాగని మన ఆయుర్వేద గ్రంథం చరక సంహిత చెప్పింది. రోజూ చేసుకోమనీ, తలకీ చెవులకీ పాదాలకీ మరీ శ్రద్ధగా చేసుకోమనీ మరో ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయం చెప్పింది. అజీర్తిగా ఉన్నప్పుడు వద్దని కూడా అదే చెప్పింది. ఇవన్నీ బ్యానర్‌లో రెండు లైన్లు పట్టవా?

మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు నేను పురిటికి విశాఖ వచ్చాను. ఆ పెద్దావిడే తెల్లారగానే వచ్చేది. నువ్వుల నూనె గిన్నెని వేణ్ణీళ్ళలో పెట్టి గోరువెచ్చన చేసేది. పీట మీద కూచుని, కాళ్ళు చాపి, పిల్లని వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టేది. నూనె చుక్క తన మణికట్టు మీద వేసి చూసుకున్నాకే పిల్ల ఒంటికి తగలనిచ్చేది. భుజం నుంచి వేళ్ళ దాకా, తొడ నుంచి పాదం దాకా చెయ్యి తియ్యకుండా జార్చేది. బొడ్డు చుట్టూ అరచెయ్యి గుండ్రంగా తిప్పుతూ, చూపు మాత్రం పిల్ల మొహం మీదే. పెదవి కాస్త వంకర తిరిగిందంటే చెయ్యి తేలికయ్యేది. కుడి చేతిని ఎడమ కాలికి, ఎడమ చేతిని కుడి కాలికి ఆనించి వదిలేది. తర్వాత సున్నిపిండి. నీళ్ళు కళ్ళలో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం. పిల్ల పని అయ్యాక నా నడుము పట్టేది. “ఏటమ్మా అలా బిగుసుకుపోనావు, ఒల్లొదిలెయ్యి” అనేది. కాన్పయ్యాక కారణం లేకుండా ఏడుపొచ్చే ఆ రోజుల్లో నాకున్న ధైర్యం ఆ చేతులే.

అంత పని చేసే మనిషి మా ఇంట్లోకి పెరటి గుమ్మం నుంచే వచ్చేది. కాఫీ గ్లాసు వేరే. చేతిలో పెట్టింది పాత చీర, కాసిని బియ్యం, కాస్త డబ్బు. మన ఇళ్ళలో ప్రేమ ఉంది, కాదనను. ఆ ప్రేమ గుమ్మం దగ్గర ఆగిపోయేది.

బయటివాళ్ళు ఏం చేశారో చూడండి. థాయ్‌లాండ్‌లో 1830ల్లో మూడో రామ రాజు బ్యాంకాక్ వాట్ పో ఆలయంలో మర్దన విద్యని రాళ్ళ మీద చెక్కించాడు. 2019లో యునెస్కో ఆ విద్యకి వారసత్వ గుర్తింపు ఇచ్చింది. జపాన్‌లో చూపులేని సుగియామా వాయిచి పదిహేడో శతాబ్దంలోనే అంధులకి ఆక్యుపంక్చర్, మర్దన నేర్పే బడులు పెట్టాడు. ఇంగ్లండులో మసాజ్ అనగానే జనం అనుమానంగా చూసిన 1894లో నలుగురు నర్సులు సంఘంగా ఏర్పడ్డారు; అక్కడి ఫిజియోథెరపిస్టుల సంస్థకి మూలం అదే. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ బ్రైటన్‌లో స్నానశాల పెట్టి మన మర్దనతోనే ఇద్దరు ఇంగ్లండు రాజుల కొలువులో చోటు సంపాదించాడు. ఫ్రెంచి వైద్యుడు లెబోయే కలకత్తాలో శాంతల అనే తల్లి తన బిడ్డకి నూనె రాస్తుంటే చూసి 1976లో పుస్తకం వేశాడు. ఫ్రాన్సులో ఆ మర్దనని ఇవాళ్టికీ ఆ తల్లి పేరుతోనే పిలుస్తారు. మన మంత్రసానుల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

డాక్టర్ల అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వెయ్యడం ప్రమాదం. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెచ్చిన సందర్భాలున్నాయి. పసిపిల్లల రొమ్ములు పిండడం, సాంబ్రాణి పొగ పట్టించడం మానెయ్యాల్సినవే. కానీ మెల్లని మర్దన సంగతి వేరు. 1986లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త టిఫనీ ఫీల్డ్ బృందం నెలలు నిండకుండా పుట్టిన నలభై మంది పిల్లలతో చేసిన చిన్న అధ్యయనంలో, పది రోజులపాటు రోజుకి మూడుసార్లు మర్దన అందిన పిల్లలు మిగతావాళ్ళకంటే 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. తప్పు సరిదిద్దాలంటే ముందు ఆ పెద్దావిడ పక్కన కూచోవాలి, ఆవిడ చెప్పేది వినాలి. వెనక్కి పంపేస్తే ఏం సరిదిద్దుతాం?

కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను. వచ్చే డిసెంబరులో ఆవిణ్ణి, ఆవిడలాంటి మరికొందర్ని ముందు గుమ్మం నుంచే పిలవండి. మన స్టేజీ మీద పాడేవాళ్ళకి ఇచ్చినంత పారితోషికం ఇవ్వండి. పక్కన ఒక పిల్లల డాక్టరుని కూచోబెట్టండి. ఏది మంచిదో ఏది మానాలో అందరి ముందూ మాట్లాడుకోనివ్వండి. వాళ్ళు ఒప్పుకుంటే వీడియో తీసి, వాళ్ళ పేర్లతోనే దాచండి. అమెరికాలో పురుళ్ళు పోసుకుంటున్న మన ఆడపిల్లలకి అది పనికొస్తుంది. ఈ మేరకు తీర్మానం రాసి కార్యదర్శిగారికి పంపాను. సర్వసభ్య సమావేశంలో అది చర్చకి రావాలంటే మీ సంతకాలు కావాలి.