సిమెంటుకు పాత బియ్యం లెక్క పనికిరాదు

నల్లగొండలో ఎవరు ఇల్లు మొదలుపెట్టినా మా గ్రూపులోకి ఇదే మెసేజ్ వచ్చి పడుతోంది. "ఫ్యాక్టరీలు మన వాడపల్లి, మేళ్లచెరువుల్లోనే ఉన్నాయి. డీలర్‌ను నమ్మి మోసపోవద్దు. ఇంటికి పట్టే సిమెంటంతా ఒకేసారి దింపించుకోండి, లక్షలు మిగులుతాయి." కింద ఐదు సూత్రాలు. ఈ వారం మా బావ కూడా పంపాడు, దండం పెట్టే బొమ్మతో సహా. ఇక ఊరుకోలేను బావా.

జీఎస్టీ 28 శాతం కాబట్టి బిల్లు లేకుండా కొనాలట. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 18 శాతమే. అయినా బిల్లు లేకపోతే రేపు సరుకు బాగాలేదని ఎవరిని నిలదీస్తారు?

బస్తాలు మానేసి లూజు సిమెంటు ట్యాంకరులో తెప్పిస్తే ఇంకా చవకట. ట్యాంకరులో సరుకును గాలి ఒత్తిడితో పైపులోంచి సైలో అనే పెద్ద మూసిన నిల్వ తొట్టిలోకి ఎక్కిస్తారు. మీ వాకిట్లో సైలో ఉంటే నిక్షేపంగా తెప్పించుకోండి.

లారీ లోడు నేరుగా సైటుకే దింపించుకోవాలన్న మూడోది మాత్రం నిజమే, ఒప్పుకుంటున్నా. స్లాబుకు కావాల్సినంత నేరుగా సైటుకే దింపించుకుంటే గోడౌన్‌లో దించి మళ్లీ ఎక్కించే హమాలీ ఖర్చు తప్పుతుంది, సరుకూ తాజాగా ఉంటుంది. ఏ వారం తయారైందో బస్తా మీదే ముద్ర ఉంటుంది, చూసి దింపించుకోండి.

ఒళ్లు మండించింది నాలుగోది. "సిమెంటు పాత బియ్యం లాంటిది, నిల్వ ఉంటే ఏమీ కాదు. గడ్డ కడితే జల్లెడ పట్టి వాడుకోండి."

వెయ్యి చదరపు అడుగుల ఇంటికి సుమారు 400 బస్తాలు, అంటే 20 టన్నులు. పదికి మించి ఎత్తు పేర్చకూడదు కాబట్టి 40 దొంతరలు. గోడకు ఎడం, కింద చెక్కలు. ఇంకా కట్టని ఇంట్లో ఇంత గది ఎక్కడిది? చివరికి రేకుల షెడ్డులో నేలకే ఆనించి పైన టార్పాలిన్ కప్పుతారు. పునాదికని ఎండాకాలంలో దింపిన సరుకు ప్లాస్టరింగ్ నాటికి వానాకాలమంతా చూసేసి ఉంటుంది. మూడు నెలల నిల్వకు సుమారు 20 శాతం, ఆరు నెలలకు 30 శాతం బలం తగ్గుతుందని ఇంజినీర్ల లెక్క.

అడుగు వరసలో ఒక బస్తా విప్పి చూడండి. పై బరువుకు బిగిసిన గడ్డయితే వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది, దానితో పేచీ లేదు. నలగకుండా రాయిలా నిలిచిందంటే అది చెమ్మ తాగిన గడ్డ. జల్లెడ ఆపేది దాన్నే. కిందికి రాలిన పొడిలో అప్పటికే తేమకు చచ్చిపోయిన నలుసుల్ని ఏ జల్లెడ ఏరుతుంది? అదే పొడి పిల్లర్లలో పోసి, పైన రెండంతస్తులు లేపి, గృహప్రవేశానికి పిలుస్తారు. మాకు భోజనాలు బయట టెంటు కింద పెట్టించండి, చాలు.

ఇక బూడిద కలపని 53 గ్రేడు సిమెంటే కొనాలి, పీపీసీ అనే రకంలో బూడిద కలుపుతారు అన్నది ఐదోది. కలుపుతారు, నిజమే. దాచిందేమీ లేదు, ఫ్లైయాష్ అని బస్తా మీదే రాస్తారు. గోడలకు, ప్లాస్టరింగ్‌కు అదే నయం. కాకపోతే మెల్లగా బలం పుంజుకుంటుంది కాబట్టి కనీసం 10 రోజులు నీళ్లు కొట్టాలి. మేస్త్రి మూడో రోజుకే చాలన్నా వినకండి.