యమ నియమాలు: షరతులు వర్తిస్తాయి

తెలుగువాళ్లకి యోగా రాదని ఇక ఎవరూ అనలేరు. 2025 జూన్ 21న విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా వరసగా చాపలు పరిచి, 3 లక్షల మంది ఒకేసారి చేతులు పైకెత్తి గిన్నిస్ రికార్డు కొట్టారు. చేతులెత్తేయడంలో మనకి ముందు నుంచీ మంచి సాధన ఉంది కాబట్టి నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. ఆసనాల సంగతి అలా తేలిపోయింది గనక, వాటికంటే ముందుండి కూడా ఎవరి కంటా పడని యమం, నియమం అనే రెండు మెట్ల గురించి నాలుగు ముక్కలు రాయడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన 8 అంగాల్లో మొదటిది యమం, రెండోది నియమం. ఆసనం మూడోది. ఆయన రాసిన దాదాపు 195 సూత్రాల్లో ఆసనానికి ఖర్చు పెట్టింది మూడంటే మూడు. అందులోనూ ఎలా కూర్చోవాలో బొమ్మ లేదు, ఒక్క ఆసనం పేరు కూడా లేదు, స్థిరంగా సుఖంగా ఉంటే చాలన్నాడు. యమ నియమాల మీద మాత్రం ఏకంగా పదహారు సూత్రాలు రాసుకుంటూ పోయాడు. మార్కెటింగ్ తెలియని మనిషి. మనం తెలివిగా, ఉగాది పచ్చడిలోంచి బెల్లం ముక్కలు ఏరుకున్నట్టు, ఆ మూడూ తీసుకుని మిగతావి గిన్నెలోనే వదిలేశాం.

అసలు ఆ యమాల్లో అభ్యంతరకరమైనది ఏమీ లేదు. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. చంపకు, బొంకకు, దొంగిలించకు, అదుపులో ఉండు, పోగేసుకోకు. ఎవరు కాదన్నారు? చిక్కంతా ఆ తర్వాతి సూత్రంతో వచ్చింది. జాతిని బట్టి, చోటును బట్టి, కాలాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి మారకుండా ఉంటేనే ఇవి మహావ్రతం అవుతాయన్నాడాయన. అంటే మినహాయింపుల్లేవు, డిస్కౌంట్లు లేవు, తెలిసినవాళ్లున్నారా అని అడిగే వీల్లేదు. సరిగ్గా ఇక్కడే పతంజలికీ తెలుగుజాతికీ దారులు వేరైపోయాయి.

ఈ సూత్రానికి పాత వ్యాఖ్యానమైన వ్యాసభాష్యంలో ఒక చేపలు పట్టేవాడి ఉదాహరణ ఉంది. ఒకడు చేపల్ని తప్ప ఇంకేదీ చంపనంటాడు, అది జాతితో పెట్టుకున్న హద్దు. ఒకడు పుణ్యతీర్థంలో మాత్రం చంపనంటాడు, అది చోటుతో. ఒకడు చతుర్దశినాడు, పుణ్యదినాల్లో చంపనంటాడు, అది కాలంతో. ఇంకొకడు దేవతల కోసం, బ్రాహ్మణుల కోసం తప్ప చంపనంటాడు, అది సందర్భంతో. ఇవేవీ మహావ్రతం కావని భాష్యకారుడు తేల్చేశాడు. వెయ్యేళ్లు దాటిన పుస్తకంలో మా అపార్ట్‌మెంట్ రెసిడెంట్ల జాబితా దొరుకుతుందని నేను అనుకోలేదు.

ఎందుకంటే మా దగ్గర అహింస వారానికి మూడు రోజులు ఖచ్చితంగా అమల్లో ఉంటుంది. మంగళవారం హనుమంతుడు, గురువారం బాబా, శనివారం వెంకటేశ్వరస్వామి. ఆ మూడు రోజులూ కోడి నిశ్చింతగా తిరగొచ్చు, ఆదివారం సంగతి దాని ఖర్మ. కార్తీక మాసం వచ్చిందంటే నెల పొడుగునా ఉల్లిపాయ కూడా ముట్టని ఇళ్లున్నాయి. చివర్న తెల్లవారుజామునే అరటిదొప్పలో దీపాలు వదిలి పోలిని స్వర్గానికి సాగనంపి, తడిబట్టలు ఆరకముందే చికెన్ సెంటర్ ముందు టోకెన్ కోసం నిలబడతాం. మాల వేసుకున్న 41 రోజులూ ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ, చివరికి రాంగ్ సైడులో వచ్చి గుద్దినవాణ్ణి కూడా "చూసుకోవాలి కదా స్వామీ" అన్న మనిషి, మాల తీసిన సాయంత్రం అదే సిగ్నల్ దగ్గర ఏమంటాడో ఇక్కడ రాయలేను. క్యాలెండర్ చూసి మంచిగా ఉండే జాతి మనది. దాన్ని పట్టుకుని వ్రతభంగం అంటే ఎలా?

చోటు విషయానికొస్తే, పొద్దున్నే ఆరింటికి మా టెర్రస్ మీద యోగా బ్యాచ్ నడుస్తుంది. శవాసనంలో పడుకోబెట్టి "సకల ప్రాణులూ సుఖంగా ఉండాలని కోరుకోండి" అని టీచరమ్మ మెల్లగా చెబుతుంటే, కళ్లు మూసుకుని మనస్ఫూర్తిగా కోరుకున్న ఒక పెద్దమనిషి, కింద తన కారుకి అడ్డంగా ఎవరిదో స్కూటీ ఉందని తెలియగానే, ఇంకా చాప కూడా చుట్టకుండా పిట్టగోడ మీంచి వంగి వాచ్‌మన్‌ని పుట్టుపూర్వోత్తరాలతో సహా పలకరిస్తాడు. ఆ వంగడం మాత్రం చూసి తీరాలి. టీచరమ్మ ఎన్నాళ్లు బతిమాలినా పాదహస్తాసనంలో ఆయన నడుము అంత కిందకి రాలేదు.

ఇక జాతి అన్న మాట. మా లిఫ్టు పక్కన ఒక కాగితం అతికించి ఉంటుంది. "పనివాళ్లు, డెలివరీ బాయ్స్, పెంపుడు కుక్కలు సర్వీస్ లిఫ్టు మాత్రమే వాడవలెను." దీని మీద జనరల్ బాడీలో పెద్ద గొడవ జరిగింది. మా టామీని అలా ఎలా అంటారని ఓనర్లు కంటతడి పెట్టడంతో కుక్కల్ని కొట్టేశారు, మొదటి రెండూ అలాగే ఉన్నాయి. ఇంట్లో పనమ్మాయికి కాఫీ ఇచ్చే స్టీలు గ్లాసు కిటికీ అవతల గట్టు మీద విడిగా బోర్లించి ఉంటుంది, అది కులం కాదు, శుభ్రత. శుభ్రత అంటే శౌచం, శౌచం అంటే నియమాల్లో మొదటిది, కాబట్టి శాస్త్ర సమ్మతమే అని ఒకావిడ నాకు నచ్చజెప్పారు. ఆవిడ మాట మీద గౌరవంతో సూత్రం తెరిచి చూస్తే, శౌచం పాటించేవాడికి తన ఒంటి మీద తనకే రోత పుడుతుందని, ఇతరుల స్పర్శ మీద కోరిక పోతుందని ఉంది. మొదటి సగం మా బిల్డింగులో ఇంతవరకు ఎవరికీ అనుభవంలోకి రాలేదు. రెండో సగానికి మాత్రం ప్రత్యేకంగా లిఫ్టే కట్టించాం.

సత్యానికి వద్దాం. ఇందులో మనకి పతంజలి కన్నా శుక్రాచార్యుడు ఎక్కువ ఉపయోగపడ్డాడు. వామనుడికి మాటిచ్చి ఇరుక్కున్న బలి చక్రవర్తికి ఆయన ఎక్కడెక్కడ బొంకవచ్చో జాబితా ఇచ్చాడు కదా, ఆడవాళ్ల దగ్గర, పెళ్లి విషయాల్లో, ప్రాణానికీ డబ్బుకీ పరువుకీ ముప్పొచ్చినప్పుడు, అని పోతన గారు చక్కటి ఆటవెలదిలో పెట్టి మన చేతికిచ్చారు. ఇంత విశాలమైన జీవో ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. పెళ్లి విషయాలు అన్న మాట కిందకి అబ్బాయి ప్యాకేజీ, అందులో కలిపేసిన నాలుగేళ్ల తర్వాతి షేర్లు, బూట్లతో కొలిచిన ఎత్తు అన్నీ వచ్చేస్తాయి. డబ్బుకి ముప్పు అన్న మాటలో ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం మొత్తం ఇమిడిపోయింది. ఆఫీసులో ప్రూఫులు అడిగే సీజన్ రాగానే, కన్నతల్లికి నెలనెలా పాతిక వేలు అద్దె కడుతున్నట్టు రసీదులు పుడతాయి. పాపం ఆ తల్లికి తాను ఇంటి ఓనరునన్న సంగతి ఎప్పటికీ తెలియదు, సంతకం పెట్టమంటే "ఏంట్రా ఇది, గ్యాస్ సబ్సిడీదా" అని అడిగి పెట్టేస్తుంది. బలి ఆ సలహా వినలేదన్న విషయం మనకి తెలియక కాదు. ఆయన చెప్పిన "కారే రాజులు" పద్యం ప్రతి రిటైర్‌మెంట్ సభలోనూ ఎవరో ఒకరు రాగం తీసి పాడతారు, అందరం చప్పట్లు కొడతాం. పాడటానికి బలి, పాటించడానికి శుక్రుడు.

అస్తేయం మనకి నల్లేరు మీద నడక. ఇతరుల సొమ్ము ఆశించం. యోగా అయ్యాక కాలనీలో వాకింగుకి బయల్దేరే పెద్దవాళ్ల చేతుల్లో ప్లాస్టిక్ కవరు, కొక్కెం ఉన్న కర్ర ఉంటాయి. ఎవరి ప్రహరీ మీంచి ఏ మందారం బయటికి తొంగి చూస్తోందో, ఏ ఇంటి నందివర్ధనం ఎన్నింటికి విచ్చుకుంటుందో వాళ్లకి ఆ ఇంటివాళ్ల కన్నా బాగా తెలుసు. ఇంటావిడ బయటికొచ్చి "ఏంటండీ, మాకు పూజకి ఒక్కటైనా ఉంచరా" అంటే, "దేవుడికేనమ్మా, మేమేమన్నా తల్లో పెట్టుకుంటామా" అని ఇంకో కొమ్మ వంచుతారు. భాష్యంలో దేవతల కోసం తప్ప చంపనన్నవాడు గుర్తున్నాడా? వాడికి మనవలున్నారు. పైగా ఇందులో ఈశ్వర ప్రణిధానం, అంటే అంతా దేవుడికే అర్పించడం అనే నియమం కూడా కలిసొస్తుంది, ఒక కర్రకి రెండు అంగాలు.

కాస్త గంభీరమైన ఇబ్బంది ఇంకొకటుంది. మనం చేసిందే కాదు, చేయించిందీ, ఎవరో చేస్తే బాగుందన్నదీ కూడా లెక్కలోకి వస్తాయని పతంజలి ఒక సూత్రంలో మెలిక పెట్టాడు. కృతం, కారితం, అనుమోదితం. ఇది చదివాక నాకు మూడు రోజులు అన్నం సహించలేదని రాస్తే అది సత్యానికి విరుద్ధం, కాబట్టి కొంచెం టెన్షన్ పడ్డానని మాత్రం చెబుతాను. ఎందుకంటే మన ఆర్థిక వ్యవస్థ నిలబడిందే ఆ రెండో మాట మీద. ప్లాటు రిజిస్ట్రేషన్‌కి వెళ్లి లంచం ఇచ్చినవాణ్ణి నేను ఇంతవరకు ఒక్కణ్ణీ చూడలేదు. "ఛ, నేనెందుకిస్తానండీ? డాక్యుమెంట్ రైటర్‌కి ఖర్చులకిచ్చాను, ఆయన ఎవరికిచ్చుకుంటాడో నాకేం తెలుసు?" అంటారు. ధర మాట్లాడుకునేటప్పుడు మొదటి ప్రశ్నే వైట్ ఎంత, బ్లాక్ ఎంత. కాగితం మీద పడే ధరకీ సంచీలో వెళ్లే ధరకీ మధ్య ఉన్న తేడాని ఎవరూ అబద్ధం అనరు, "మార్కెట్" అంటారు. ఇక మూడోది, అనుమోదితం. ఫలానావాడు ఆ సీట్లో ఉండగా రెండిళ్లు కట్టాడని తెలిస్తే మనం అనే మాట "ఎంత దుర్మార్గుడు" కాదు, "వాడు బాగుపడ్డాడ్రా". పెళ్లిచూపుల్లో పై సంపాదన గురించి అడిగే గొంతులో ఎంత భక్తి ఉంటుందో వినాలి. ఈ మూడింటినీ లోభం, క్రోధం, మోహంతోనూ, కొంచెం, మధ్యస్థం, బాగా అనే మోతాదులతోనూ, ఆ ఒక్కో మోతాదులో మళ్లీ మూడేసి మోతాదులతోనూ గుణించుకుంటూ పోయి భాష్యకారుడు హింసలో 81 రకాలు తేల్చాడు. ఎండాకాలం ట్యాంకర్ బిల్లు పడ్డ రోజున మా వాట్సాప్ గ్రూపు చూసి ఉంటే ఆయన అక్కడితో ఆపేవాడు కాదు.

బ్రహ్మచర్యం గురించి పిల్లలు పడుకున్నాక మాట్లాడుకుందాం.

అపరిగ్రహం అంటే అక్కర్లేనిది పోగేసుకోకపోవడం. వంటింటి తలుపు వెనక, కవర్ల నిండా కవర్లున్న కవరు వేలాడుతున్న ప్రతి ఇంటికీ ఇది కొంచెం నొప్పి కలిగించే మాటే అయినా, ఫలితం చూస్తే ఆశ పుడుతుంది. అపరిగ్రహం స్థిరపడితే పూర్వజన్మల సంగతులు తెలుస్తాయట. అంత కష్టపడకుండా, పరిగ్రహంతోనే మనవాళ్లు ఆ సిద్ధి సాధించారు. ప్లాటు కొని 30 ఏళ్లకి ఈసీ, అంటే స్థలం చేతులు మారిన చిట్టా తీయిస్తే చాలు, అది ఏ జన్మలో ఎవరి చేతిలో ఉందో, ఎవరు ఎవరికి అమ్మారో, మధ్యలో ఎవరు కోర్టుకెళ్లారో లింకు డాక్యుమెంట్లతో సహా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2024లో హైదరాబాదులో చెరువుల కబ్జాలు కూల్చే హైడ్రా బుల్డోజర్లు బయల్దేరాక, తమ స్థలం పూర్వజన్మలో చెరువన్న జ్ఞానం కూడా కొందరికి ఒక్క పూటలో కలిగింది.

నియమాల్లో తపస్సు ఒక్కటి మాత్రం మన దగ్గర బతికే ఉంది, అది ఒప్పుకోవాలి. తెలంగాణలో ట్రాఫిక్ చలాన్ పడగానే కట్టేసేవాణ్ణి అమాయకుడంటారు. 2022లో టూవీలర్లకి 75 శాతం తగ్గిస్తామని ప్రభుత్వం ప్రకటించింది, 2023 డిసెంబరులో 80 శాతం అంది. ఎండనక వాననక, నంబర్ ప్లేటుకి మాస్కు కట్టుకుని, కెమెరా కనిపిస్తే కాలు అడ్డం పెట్టుకుని ఎదురు చూసినవాడికి ఫలం దక్కింది. తొందరపడి మొదటిసారే కట్టేసినవాళ్లది తపోభంగం, అయిదు శాతం పోయింది. సంతోషం అనే నియమం కూడా అందరికీ ఉంటుంది, పక్క ఫ్లాటు అబ్బాయి జీతం తెలిసేదాకా.

ఇదంతా అధ్యయనం చేశాక మా కమిటీ ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. ఏటా జూన్ 21న ఆయుష్ శాఖ వాళ్ల ప్రోటోకాల్ ప్రకారం 45 నిమిషాలు ఆసనాలు వేస్తున్నాం కదా, ఈసారి చాపలు పక్కన పెట్టి అదే 45 నిమిషాలు సత్యం వేద్దాం, ఏడింటి నుంచి ఏడూ ముప్పావు దాకా బిల్డింగులో ఎవరూ అబద్ధం ఆడకూడదు అన్నాను. మంచి ఆలోచనే అన్నారందరూ. తర్వాత ఒక్కొక్కరూ గొంతు సవరించుకున్నారు. ఆ టైములో లోన్ వాళ్లు ఫోన్ చేస్తే ఎలా అని ఒకాయన. ఏడున్నరకి సైట్ చూడ్డానికి కస్టమర్లొస్తున్నారని రియల్ ఎస్టేట్ ఆయన. ఇంట్లో కాఫీ ఎలా ఉందని అడిగితే ఏం చెయ్యాలని మూడో ఫ్లోర్ ఆయన లేవనెత్తిన ప్రశ్న మీద మాత్రం చాలాసేపు చర్చ జరిగింది, దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. అందరి మినహాయింపులూ రాసేసరికి రెండు పేజీలు నిండాయి. ఆఖర్న ట్రెజరర్ గారు, "అంతా బానే ఉంది గానీ సార్, ఆ ముప్పావు గంటలో ఎవరైనా పోయిన ఏడాది టీషర్టుల బిల్లు ఎంతయిందని అడిగితేనో?" అన్నారు.

ఈసారికి ఆసనాలే వేద్దామని ఏకగ్రీవంగా తీర్మానమైంది. కోరం లేదని గుర్తొచ్చి, సెక్రటరీ గారు దానికి పోయిన ఆదివారం తేదీ వేసి, రాని నలుగురి సంతకాలు కూడా ఆయనే పెట్టేశారు.